ఫోన్ బహుమతిగా పెడితే ఫాలోవర్లు పెరుగుతారా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇది. చేత్తో కుట్టిన నోటుపుస్తకాలు, డైరీలు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఆరేడు వందల మంది ఫాలోవర్లున్నారు, ఫేస్‌బుక్ పేజీకి అంతకన్నా తక్కువ. ఒక మంచి స్మార్ట్‌ఫోన్ కొని బహుమతిగా పెట్టి, "లైక్ చేయండి, షేర్ చేయండి, ఐదుగురు ఫ్రెండ్స్‌ని ట్యాగ్ చేయండి" అని పోటీ నడుపుదామనుకుంటున్నారు. బాగా నడిస్తే నెలకోసారి పెట్టొచ్చా అని కూడా అడిగారు.

పోటీ పెట్టండి. ఫోన్ మాత్రం కొనకండి.

ఈ తప్పు నేను చేసి చూశాను కాబట్టి చెబుతున్నాను. చాలా ఏళ్ల కిందట ఒక చిన్న ఆన్‌లైన్ దుకాణానికి సోషల్ మీడియా పని చూసేవాణ్ణి. ఓనర్‌ని ఒప్పించి మరీ ఒక ట్యాబ్లెట్ బహుమతిగా పెట్టించాను. వారం రోజులు నా ఫోన్ మోగుతూనే ఉంది. ఫాలోవర్ల సంఖ్య చూసుకుని ఇద్దరం మురిసిపోయాం. విజేతను ప్రకటించిన మర్నాటి నుంచి ఆ సంఖ్య దిగడం మొదలైంది. బెల్లం ఉన్నన్నాళ్లే ఈగలు కదా, అందులో వింత లేదు. అసలు దెబ్బ వెళ్లిపోయినవాళ్ల వల్ల కాదు, ఉండిపోయినవాళ్ల వల్ల తగిలింది. వాళ్లకి మా వస్తువులతో పనే లేదు. మేం పోస్ట్ పెడితే పైకి తోసేసి వెళ్లిపోయేవాళ్లు. ఎవరు స్పందిస్తున్నారో చూసుకునే ఈ యాప్‌లు ఒక పోస్ట్‌ని ఇంకెందరికి చూపించాలో నిర్ణయిస్తాయి. మా పోస్టులు చూసి నిజంగా కొనే పాతవాళ్లకు కూడా అవి కనబడడం తగ్గింది. ఆ అకౌంట్ మళ్లీ కోలుకోవడానికి చాలా నెలలు పట్టింది. డబ్బు పెట్టి అసలుకే ఎసరు తెచ్చుకోవడం అంటే అదే.

అప్పటి నుంచి ఏ పోటీ గురించి ఆలోచించినా ముందు ఓడిపోయేవాళ్ల గురించి ఆలోచించడం అలవాటైంది. మూడు వందల మంది పాల్గొంటే గెలిచేది ఒక్కరు. ఆ ఒక్కరికి మీ వస్తువు ఊరికే వస్తుంది. మీ దగ్గర డబ్బిచ్చి కొనగలిగినవాళ్లు మిగతా రెండు వందల తొంభై తొమ్మిది మందిలోనే ఉన్నారు. కాబట్టి బహుమతి ఏం పెట్టాలి, ఏం చేయమని అడగాలి, ఎన్నాళ్లు నడపాలి అనే ప్రతి ప్రశ్నకూ జవాబు వాళ్ల వైపు నుంచి వెతకాలి.

ముందు బహుమతి సంగతి. ఫోన్ కావాలని పోటీకి వచ్చి ఓడినవాడికి ఇంకా ఫోనే కావాలి. అది మీరు అమ్మరు. డైరీ కావాలని వచ్చి ఓడినవాళ్లకి ఇంకా డైరీ కావాలి. అది మీ దగ్గరుంది. ఇంత చిన్న లెక్క. మీరు చేసేవాటిలో అన్నిటికన్నా మంచిది, "ఇంత పెట్టి కొనాలా" అని జనం వెనకాడేది ఏదో మీకు తెలిసే ఉంటుంది. అదే పెట్టండి. దానిమీద గెలిచినవాళ్ల పేరు అచ్చు వేసి ఇస్తామంటే ఇంకా మంచిది, ఎందుకంటే పేరున్న డైరీని తీసుకెళ్లి ఎక్కడా అమ్ముకోలేరు. పోటీల కోసమే ఒక అకౌంట్ పెట్టుకుని రోజంతా కనబడ్డవాటిలో పాల్గొనేవాళ్లు ఉంటారు. వాళ్ల ప్రొఫైల్ తెరిస్తే అన్నీ పోటీల షేర్లే ఉంటాయి, సొంత ఫోటో ఒక్కటీ ఉండదు. అలాంటివాళ్లు మీ వైపు రాకపోవడానికి ఈ పేరు చిట్కా ఒక్కటే చాలావరకు సరిపోతుంది.

పాల్గొనేవాళ్లు తక్కువవుతారే అని మీకు అనిపిస్తుంది. అవుతారు, అవనివ్వండి.

ఇక ఏం చేయమని అడగాలి. "లైక్, షేర్, ట్యాగ్" అనేది అందరూ చేసేదే కాబట్టి మీకూ అదే తోచింది. దానిలో మొదటి చిక్కు నియమాలది. ఫేస్‌బుక్ పేజీల నియమాల్లో ఇది స్పష్టంగా ఉంది: పోటీ నడపడానికి వ్యక్తిగత టైమ్‌లైన్లను, స్నేహితుల జాబితాలను వాడకూడదు. "మీ టైమ్‌లైన్‌లో షేర్ చేస్తే ఎంట్రీ", "ఫ్రెండ్స్‌ని ట్యాగ్ చేస్తే ఎంట్రీ" అనే రెండూ అందులో ఉదాహరణలుగా ఇచ్చి మరీ వద్దన్నవే. "పేజీని లైక్ చేస్తేనే లోపల ఉన్నది కనిపిస్తుంది" అనే పాత పద్ధతిని 2014 నవంబర్‌లోనే ఆపేశారు. 2017 డిసెంబర్ నుంచి లైకులు, షేర్లు, ట్యాగులు అడుక్కునే పోస్టులను తక్కువమందికి చూపిస్తామని కూడా ప్రకటించారు. అందరూ చేస్తున్నారుగా అంటారేమో. చేస్తున్నారు, చాలామందికి ఏమీ కావడం లేదు కూడా. కానీ పెద్ద కంపెనీ పేజీ పోతే ఫోన్ చేసి అడగడానికి వాళ్లకి మనుషులుంటారు. మీ పేజీ పోతే మీరు ఒక ఫారం నింపి ఎదురుచూడాలి, అంతే.

ఇన్‌స్టాగ్రామ్‌లో కామెంట్‌లో స్నేహితుడి పేరు రాయమనడానికి అంత ఇబ్బంది లేదు. ఫోటోలో లేనివాళ్లను ఉన్నట్టు ట్యాగ్ చేయించడం మాత్రం అక్కడ కూడా కుదరదు. ట్విట్టర్, అంటే ఇప్పటి ఎక్స్‌లో, "ఎవరు ఎక్కువసార్లు రీట్వీట్ చేస్తే వాళ్లకి బహుమతి" అనకూడదు. ఒకే మనిషి పది అకౌంట్లు తెరిచేలా ప్రోత్సహించకూడదు. యూట్యూబ్‌లో అయితే పోటీలో పాల్గొనడానికి డబ్బు తీసుకోకూడదు. నియమాలు మారుతుంటాయి కాబట్టి పోస్ట్ పెట్టే రోజు ఒకసారి ఆ యాప్ నియమాల పేజీ తెరిచి చదవండి, పది నిమిషాల పని.

నియమాలు పక్కన పెట్టినా షేర్‌తో ఇంకో ఇబ్బంది ఉంది, దీని గురించి ఎవరూ చెప్పరు. స్నేహితులకు మాత్రమే కనిపించేలా పెట్టుకున్నవాళ్లు షేర్ చేస్తే అది మీకు కనబడదు. ఎన్ని షేర్లో అంకె కనిపిస్తుంది, ఎవరివో కొన్నే తెలుస్తాయి. మరి విజేతను తీసే లక్కీ డ్రాలో వాళ్లను ఎలా కలుపుతారు? కలపలేరు. చూడలేని పనిని షరతుగా పెట్టడమంటే గొడవను చేతులారా పిలిచి కూర్చోబెట్టడమే.

అందుకని ప్రశ్న అడగండి. కామెంట్‌లో జవాబు రాయాలి, అంతే. ఆ ప్రశ్న ఎలా ఉండాలనే దగ్గర మాత్రం తీరిగ్గా కూర్చుని ఆలోచించండి, ఎందుకంటే పోటీ మొత్తంలో అన్నిటికన్నా ఎక్కువ ఫలితమిచ్చేది అదే. "మా డైరీ ఏ రంగుది నచ్చింది?" అని అడిగితే "నీలం", "ఎరుపు" అని రాసి పోతారు. అదే "ఈ డైరీ మీ చేతికొస్తే మొదటి పేజీలో ఏం రాస్తారు?" అని అడిగి చూడండి. ఒకరు పుట్టబోయే బిడ్డకు ఉత్తరం రాస్తానంటారు. ఒకరు అప్పుల లెక్క రాసుకోవాలంటారు. ఇంకొకరు ఎవరికీ చూపించకుండా దాచుకున్న కవితలు ఎత్తి రాసుకుంటానంటారు. నాలుగు మాటలు టైప్ చేసే ఆ అర నిమిషంలో మీ డైరీ వాళ్ల చేతిలో ఉన్నట్టే. ఓడిపోయాక కూడా ఆ ఊహ పోదు.

మీకు ఇంకో లాభం. ఆ కామెంట్లన్నీ కూర్చుని చదివితే జనం మీ వస్తువును దేనికి వాడాలనుకుంటున్నారో వాళ్ల మాటల్లోనే తెలుస్తుంది. లెక్కలు రాసుకుంటామన్నవాళ్లే ఎక్కువమంది ఉంటే గీతల కాగితంతో కొత్త రకం చేయొచ్చు. ఉత్తరాలన్నవాళ్లు ఎక్కువుంటే మీ వెబ్‌సైట్‌లో వస్తువు పక్కన రాసే వివరణ ఆ మాటలతోనే రాయండి. పెద్ద కంపెనీలు ఇలాంటి సంగతి తెలుసుకోవడానికి సర్వేలకు బోలెడు ఖర్చు పెడతాయి. మీకు ఒక డైరీతో సరిపోయింది.

ఫోటోలు పంపమనే పోటీలు కూడా మంచివే, కానీ మీ వస్తువు ఇప్పటికే కొంతమంది ఇళ్లల్లో ఉన్నప్పుడు. ఆరేడు వందల ఫాలోవర్లతో ఫోటో పోటీ పెడితే నాలుగు ఎంట్రీలొచ్చి పరువు పోతుంది. దాన్ని వచ్చే ఏడాదికి ఉంచుకోండి. ఓటింగ్ పోటీలు మాత్రం ఎప్పుడూ వద్దు. 2016లో బ్రిటన్‌లో ఒక ప్రభుత్వ పరిశోధన సంస్థ తన కొత్త ఓడకు పేరు పెట్టమని ఆన్‌లైన్‌లో జనాన్ని అడిగింది. లక్షకు పైగా ఓట్లతో గెలిచిన పేరు "బోటీ మెక్‌బోట్‌ఫేస్". చివరికి ఓడకు డేవిడ్ అటెన్‌బరో పేరు పెట్టుకుని, జనం ఇచ్చిన పేరును దానిలోని చిన్న జలాంతర్గామికి తగిలించి బయటపడ్డారు. వాళ్లది నవ్వుకుని వదిలేసే విషయం. మీ దగ్గర జరిగేది వేరు: ఎవరో ఓట్లు కొనుక్కుని గెలుస్తారు, నిజాయతీగా కష్టపడి ఫోటో తీసి పంపినవాళ్లు మీ మీద కోపంతో వెళ్లిపోతారు.

చట్టం గురించి రెండు మాటలు, ఇది దాటేయకూడదు. బహుమతి ఉండి, గెలుపు అదృష్టం మీద ఆధారపడి, పాల్గొనడానికి డబ్బు గానీ కొనుగోలు గానీ అవసరమైతే చాలా దేశాల్లో అది లాటరీ కిందికి వస్తుంది. సొంతంగా లాటరీ నడపడం చాలాచోట్ల నేరం. కాబట్టి "కొన్న ప్రతి ఒక్కరికీ డ్రాలో ఒక అవకాశం" అనే ఆలోచన వస్తే అక్కడే ఆగండి. కొనకుండానే పాల్గొనేలా ఉండాలి, లేదంటే అదృష్టం తీసేసి జడ్జీలు ప్రతిభ చూసి ఎంపిక చేయాలి. ఈ తేడా మీద కొన్ని దేశాలు ఎంత పట్టుదలగా ఉంటాయంటే, కెనడాలో లక్కీ డ్రాలో పేరు వచ్చినా చిన్న లెక్క ఒకటి సరిగ్గా చేస్తేనే బహుమతి చేతికిస్తారు. కూడికలు, గుణకారాలు చేశారు కాబట్టి ఇది వట్టి అదృష్టం కాదు, నైపుణ్యం కూడా ఉంది అని చెప్పుకోవడానికన్నమాట! మీరు ఏ దేశాల వాళ్లను అనుమతిస్తారో అక్కడి నియమాలు మీకు వర్తిస్తాయి. అందుకే మొదటి పోటీని మీరు మామూలుగా పార్సిల్ పంపే ప్రాంతానికే పరిమితం చేసుకోండి. అది పోస్ట్‌లోనే రాయండి.

ఇంకొకటి. బహుమతి ఆశతో జనం మీ గురించి పోస్ట్ పెడితే, అది పోటీ కోసం పెట్టిందని చదివేవాళ్లకు తెలియాలి. 2014లో కోల్ హాన్ అనే చెప్పుల కంపెనీ ఇలాంటి పోటీ పింటరెస్ట్‌లో పెట్టి, పోస్టుల్లో పోటీ అన్న సంగతి కనబడేలా చూసుకోనందుకు వినియోగదారులను మోసాల నుంచి కాపాడే అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నుంచి హెచ్చరిక ఉత్తరం అందుకుంది. హ్యాష్‌ట్యాగ్ పెట్టారు, కానీ దాన్ని చూస్తే అది పోటీ అని అర్థం కాదు. మీరు హ్యాష్‌ట్యాగ్ పెట్టదలిస్తే అందులోనే "పోటీ" అనే మాట ఉండేలా చూసుకోండి, గొడవ వదిలిపోతుంది.

పోటీ నియమాలు లాయర్ భాషలో రాయక్కర్లేదు. ఎవరు పాల్గొనవచ్చు, ఒకరికి ఎన్ని ఎంట్రీలు, ఏ తేదీన ఎన్ని గంటలకు ముగుస్తుంది, ఏ దేశపు టైమ్ ప్రకారం, విజేతను ఎలా ఎంపిక చేస్తారు, ఎప్పుడు ఎక్కడ ప్రకటిస్తారు, విజేత ఎన్ని రోజుల్లో జవాబివ్వాలి, ఇవ్వకపోతే ఏం చేస్తారు, పార్సిల్ ఖర్చు ఎవరిది, ఈ పోటీతో ఫేస్‌బుక్‌కు గానీ ఇన్‌స్టాగ్రామ్‌కు గానీ సంబంధం లేదు అనే మాట. ఇంతే. చివరిది ఆ కంపెనీలే పెట్టమంటాయి, మర్చిపోకండి. "ఆదివారం రాత్రితో ముగుస్తుంది" అని రాశారంటే పన్నెండు దాటాక నాలుగు నిమిషాలకు వచ్చిన కామెంట్ కోసం మీకు ఒక రాత్రంతా టెన్షన్. "ఆదివారం రాత్రి 9 గంటలకు" అని రాయండి, అప్పుడు మీరు మెలకువగానే ఉంటారు. ఐదు నుంచి ఏడు రోజులు చాలు. నెల రోజులు పెడితే మొదటి వారం కామెంట్ పెట్టినవాళ్లు మిమ్మల్నే మర్చిపోతారు.

విజేతను ఎంపిక చేసే రోజు ఎలా చేయాలో చెబుతాను, ఎందుకంటే నమ్మకం నిలబడేదీ పోయేదీ ఇక్కడే. కామెంట్లన్నీ ఒక స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కించండి, వరుసకు ఒక పేరు. ఒకే పేరు రెండుసార్లుంటే ఒకటి తీసేయండి. మీ బంధువులు, మీ దగ్గర పనిచేసేవాళ్లు ఉంటే వాళ్లను కూడా తీసేయండి, మీ పిన్ని ఎంత అలిగినా సరే. వరుస నంబర్లు వేయండి. 312 పేర్లు మిగిలాయనుకుందాం. ఫోన్‌లో స్క్రీన్ రికార్డింగ్ ఆన్ చేసి, జాబితాను పైనుంచి కిందిదాకా ఒకసారి జరిపి చూపించి, ర్యాండమ్ నంబర్ ఇచ్చే వెబ్‌సైట్‌లో 1 నుంచి 312 అని ఇచ్చి ఒకే ఒక్కసారి నొక్కండి. వచ్చిన నంబర్‌కు జాబితాలో ఎవరున్నారో చూపించండి. ఆ వీడియో అలాగే పెట్టేయండి. స్ప్రెడ్‌షీట్‌లోనే ర్యాండమ్ ఫార్ములా వాడొచ్చుగా అంటే వాడొచ్చు, కానీ మీరు పక్క గడిలో ఏం మార్చినా ఆ అంకె మళ్లీ మారిపోతుంది. చూసేవాళ్లకు మీరు నచ్చిన పేరు వచ్చేదాకా నొక్కుతున్నట్టు కనిపిస్తుంది. నాకొకసారి లైవ్‌లో అలా జరిగింది. నేను చేసింది మోసం కాదని నమ్మించడానికి పడ్డ తిప్పలు పోటీ నడపడానికి కూడా పడలేదు.

ఇక్కడే దొంగలు దూరతారు. మీ లోగో, మీ పేరులో ఒక అక్షరం తేడాతో నకిలీ అకౌంట్ తెరిచి, కామెంట్ పెట్టినవాళ్లందరికీ "మీరే విజేత, పార్సిల్ చార్జీ కోసం కార్డు వివరాలు పంపండి" అని మెసేజ్ పంపుతారు. ఒక్కరు మోసపోయినా ఆ చెడ్డపేరు మీకే వస్తుంది. అందుకే పోటీ పోస్ట్‌లోనే రాయండి: విజేత పేరు ఈ పేజీలోనే ప్రకటిస్తాం, డబ్బు గానీ కార్డు నంబర్ గానీ ఓటీపీ గానీ ఎప్పుడూ అడగం, ఇంకే అకౌంట్ నుంచి మెసేజ్ వచ్చినా మాకు చెప్పండి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం కన్నా ఇది నయం. పోటీ నడుస్తున్న రోజుల్లో రోజుకోసారి మీ పేరు మీరే వెతికి చూడండి. నకిలీది కనబడితే వెంటనే రిపోర్ట్ కొట్టి, స్టోరీలో అందరికీ చెప్పండి.

ఇప్పుడు ఓడినవాళ్ల దగ్గరికి వద్దాం. చాలామంది విజేత ఫోటో పెట్టి, చేతులు దులుపుకుని వెళ్లిపోతారు. పంట కోసి కళ్లంలోనే వదిలేసినట్టు. ఫలితం చెప్పిన రోజే, చల్లారకముందే, మిగతావాళ్లకు ఏదో ఒకటి ఇవ్వండి. తక్కువ గడువున్న డిస్కౌంట్ కోడ్ చాలు, రెండు మూడు రోజుల గడువు. కోడ్ మాత్రం ఈ పోటీకే ప్రత్యేకంగా ఉండాలి, లేకపోతే ఆ అమ్మకాలు పోటీ వల్ల వచ్చాయో మామూలుగా వచ్చాయో తెలియదు. ప్రకటనలో "గెలవనివాళ్లు బాధపడకండి" లాంటి మాటలొద్దు. వాళ్లు బాధపడట్లేదు. వాళ్లు రాసిన జవాబుల్లో మంచివి నాలుగు, వాళ్లను అడిగి, పేర్లతో పోస్ట్ చేయండి. "అప్పుల లెక్క రాసుకుంటానన్న మీ జవాబు చదివి నవ్వాగలేదు. ఈ కోడ్‌తో తీసుకుంటే అప్పు ఇంకొంచెం తగ్గుతుంది" అని ఒకరికి విడిగా జవాబు రాస్తే అది పది మంది చదువుతారు. మూడు వందల మందికీ అలా రాయలేరు, నిజమే. ముప్పై మందికి రాయండి. చిన్న వ్యాపారానికున్న సౌకర్యం అదొక్కటే, పెద్దవాళ్లకు ఆ తీరిక లేదు.

వీలైతే ఈమెయిల్ కూడా అడగండి, కానీ తప్పనిసరి చేయకండి. "కొత్త డైరీలు వచ్చినప్పుడు నాకు మెయిల్ చేయండి" అనే గడిని వాళ్లే టిక్ చేయాలి, మీరు ముందే టిక్ చేసి పెట్టకూడదు. యూరప్‌లో 2018లో అమల్లోకి వచ్చిన జీడీపీఆర్ అనే వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం దీన్ని గట్టిగా పట్టుకుంటుంది, ఇంకా కొన్ని దేశాల్లోనూ ఇలాంటివున్నాయి. చట్టం లేకపోయినా, అడగనివాళ్లకు మెయిల్ పంపితే అది స్పామ్ లోకే పోతుంది.

లెక్క ఎలా చూసుకోవాలంటే, ఫాలోవర్ల సంఖ్య చూడకండి. డైరీ తయారీకి మీకైన ఖర్చు, పార్సిల్, ప్రకటనకు పెట్టింది ఏమైనా ఉంటే అది, మీరు కూర్చున్న గంటలకు ఒక విలువ, అన్నీ కలపండి. ఆ కోడ్‌తో కొన్న కొత్తవాళ్ల సంఖ్యతో భాగించండి. ఒక కొత్త కస్టమర్ ఎంతకు పడ్డారో తెలుస్తుంది. మీరు మామూలుగా ప్రకటనలిస్తే ఒక్కో కస్టమర్‌కు ఎంతవుతుందో దానితో పోల్చండి. గంటల విలువ కలపడం చాలామంది మరిచిపోతారు, అందుకే వాళ్లకు పోటీలు ఎప్పుడూ చవగ్గా కనిపిస్తాయి. తర్వాత నెలన్నర ఆగి మళ్లీ చూడండి: వాళ్లలో రెండోసారి కొన్నవాళ్లు ఎందరు, పోటీలో చేరిన ఫాలోవర్లలో ఇంకా స్పందిస్తున్నవాళ్లు ఎందరు.

నెలకోసారి పెట్టొచ్చా అన్నారు. వద్దు, ఏడాదికి రెండు మూడు చాలు. పోటీ నడిచే వారంలో మామూలు అమ్మకాలు తగ్గడం మీరే గమనిస్తారు. కొందామనుకున్నవాళ్లు "ఊరికే రావచ్చేమో, చూద్దాం" అని ఆగుతారు. నెలనెలా పెడితే వాళ్లు ఎప్పటికీ ఆగే ఉంటారు. దీనికొక చిన్న మందుంది, నేను ఇప్పటికీ వాడతాను. పోటీ పోస్ట్‌లో ఒక వాక్యం కలపండి: "ఈ వారంలో ఈ డైరీ కొనుక్కున్నవాళ్లే పోటీలో గెలిస్తే, వాళ్లు కట్టిన డబ్బు వెనక్కి ఇచ్చేస్తాం." కొన్నందుకు వాళ్లకు డ్రాలో అదనపు అవకాశమేమీ రాదు, అది కూడా పక్కనే రాయండి, లేకపోతే లాటరీ గొడవ మళ్లీ మొదటికొస్తుంది. కొనాలా ఆగాలా అని ఊగుతున్నవాళ్లకు ఇక ఆగడానికి కారణం ఉండదు.